లారస్ అడిగిన మాట

మా పేటలో నీళ్లంటే ఎవరూ భయపడరు. చిలివుంగ్ నది మాకు పిలవని చుట్టం. ఏడాదికి రెండు మూడు సార్లు వస్తుంది, ఇంట్లో తిష్ట వేస్తుంది, బురద మిగిల్చి పోతుంది. జకార్తాలో చుక్క వాన పడకపోయినా, పైన కొండ ఊళ్లలో కురిస్తే చాలు. మసీదు మైకులో చెప్తారు. మేం ఫ్రిజ్ ఎత్తి బల్ల మీద పెడతాం, మోటార్‌సైకిళ్లు పై రోడ్డు మీదికి తోలుకుపోతాం, తర్వాత తీరిగ్గా టీ తాగుతాం. ఇంకెక్కడైనా వరదంటే వార్త. మాకు ఇంటిపని.

ఆ రోజూ అంతే అనుకున్నాను. ఆ ధీమాయే నా ప్రాణం తీసినంత పని చేసింది.

మధ్యాహ్నం మైకులో హెచ్చరిక చెప్పారు. బయట ఎండ పెళపెళలాడుతోంది. పైనుంచి నీళ్లు మా దాకా దిగాలంటే చీకటి పడాలి, మా తాతల నాటి నుంచీ అదే లెక్క. అందుకే నా కూతురు లారస్‌ని ఖురాన్ పాఠానికి పంపించాను. ఎనిమిదేళ్లు దానికి. పాఠం చెప్పే ఉస్తాజా హమీదా గారిల్లు నది పక్క పల్లపు సందులో ఉంటుంది, మేడ ఇల్లు. "పాఠం అయ్యాక ఒక్కదానివీ రాకు. నేనే వస్తా," అన్నాను. సరేనని నా చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది, నాయనమ్మ చేతినీ ఆనించుకుంది, వీపున సంచి తగిలించుకుని గంతులేస్తూ పోయింది.

ఆ సంచి మీద 'లారస్' అని ఎర్రదారంతో ఇంతింత అక్షరాలుంటాయి. మా అత్త కుట్టింది. అందరికీ నెనెక్ రొహాయా ఆవిడ, మనవరాలికి ఉత్త నెనెక్, అంటే నాయనమ్మ. నేను పిల్లకి బొప్పాయి ముక్కలు డబ్బాలో పెడితే, నా వెనకాలే వేయించిన అరటిపండు కూడా దూరుస్తుంది. నేను "ఇష్టం లేకపోతే వద్దని చెప్పు" అని పిల్లకి నేర్పితే, ఆవిడ "ముందు పెద్దవాళ్ల దగ్గర తల వంచడం నేర్చుకో" అంటుంది. ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు మేము. అయినా ఇల్లు నడుస్తోంది.

పోయిన ఏడాది మా తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒక సంగతి తిరిగింది. ఏదో బడి గేటు దగ్గర ఎవడో 'మీ ఇబు పంపించింది' అంటూ ఒక పిల్లని తీసుకుపోబోయాడట. ఇబు అంటే అమ్మ. నిజమో పుకారో ఎవరికీ తెలీదు, నాకు మాత్రం కంటి మీద కునుకు లేకుండా పోయింది. మా దగ్గర ప్రతి మగవాడూ అంకులే. కూరలమ్మేవాడు అంకుల్, దారిన పోయేవాడూ అంకుల్. పిల్లలు కనబడిన ప్రతి పెద్దవాడి చెయ్యీ పుచ్చుకుని నుదుటికి ఆనించాలి. అలా పెరిగిన పిల్ల ఎవరు రమ్మంటే వాళ్ల వెంట పోదూ?

"మన ఇంటి మాట ఒకటి పెట్టుకుందాం," అన్నాను లారస్‌తో. "ఎవరొచ్చి ఇబు పంపించింది అన్నా ముందు ఆ మాట అడుగు. చెప్పలేకపోతే వెళ్లకు."

"పోలీసైతే?"

"అయినా అడుగు."

"ఫోన్లో నువ్వే మాట్లాడితే?"

"అప్పుడూ అడుగు. ఈ రోజుల్లో గొంతులు కూడా నకలు చేస్తున్నారట."

"మరి మాట అందరికీ తెలిసిపోతే?"

"తెలిసిపోతే అదింక మాటే కాదు. చెల్లదు."

ఈ చివరి ముక్క కూడా నేనే అన్నాను. తెలివైన తల్లినని మురిసిపోతూ మరీ అన్నాను.

మాట ఏదన్నది లారస్‌కే వదిలేశాను. అది కడుపు పట్టుకుని నవ్వి నవ్వి చెప్పింది: 'నెనెక్ గురకకి పిల్లి పారిపోయింది.' అందుకే మా అత్తకి చెప్పలేకపోయాం. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మాకో మాట ఉందని మాత్రం ఆవిడకి తెలుసు. "బొడ్డూడని పిల్ల పెద్దవాళ్లని ఇంటర్వ్యూ చేస్తుందట. పాసైతే ఉద్యోగం ఇస్తుందేమో, మా ముఖ్లిస్‌ని కూడా పంపిస్తా," అని వీధి వీధంతా వినేలా వెక్కిరించింది. ముఖ్లిస్ మా ఆయన. ఊరవతల ఫ్యాక్టరీలో పని.

ఆ సాయంత్రం ఆయన పనిలో ఉన్నాడు. అత్తా నేనూ ఫ్రిజ్‌ని చెరో పక్కా పట్టుకున్నాం. "నీ వైపు ఎత్తవే వివిన్. బొప్పాయి తింటే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది," అంటోంది ఆవిడ. అప్పుడే సందులోంచి ఎవరో కేక పెట్టారు. ఆ వెంటనే ఇంకెవరో. గుమ్మంలోకి వచ్చి చూద్దును కదా, మెట్టు మీద నీళ్లు. ఇంకా పట్టపగలు. ఇంత తొందరగా నా ఎరుకలో ఎప్పుడూ రాలేదు.

ఫ్రిజ్ వదిలేసి పరుగెత్తాను. అది ఏమైందో, అత్త కాలు మీద పడిందో లేదో కూడా చూడలేదు.

పల్లపు సందు మొదట్లో నన్ను పట్టి ఆపేశారు. సందు కాదది, నదే. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి. ఒక పరుపు పోయింది, కోళ్ల గూడు పోయింది, లోపల కోళ్లతో సహా. మా వీధి పెద్ద పాక్ సనూసీ నా జబ్బ వదలడం లేదు. పెద్ద మగవాళ్లని మేం పాక్ అంటాం, అయ్యా అన్నట్టు.

"దిగకు వివిన్. దిగితే నిన్ను కూడా వెతుక్కోవాలి మేము."

"నా పిల్ల అక్కడుంది పాక్."

"ఉస్తాజా ఉన్నారు దాని దగ్గర. అవతలి గట్టు వాళ్లు పడవ తిప్పుతున్నారు. మన వైపు వడి ఎక్కువ, ఇటు రాలేదు అది. కాస్త ఓర్చుకో."

ఆయన జేబులో ఫోను మోగింది. ఉస్తాజానే. స్పీకర్ పెట్టాడు. "పాక్, మా నాన్ననీ చిన్నపిల్లల్నీ ఎక్కించుకుని నేను అవతలి గట్టుకి వచ్చేశాను. పడవలో చోటు లేక లారస్‌ని మేడ మీద ఉంచాను, పడవ వెనక్కి పంపిస్తానని చెప్పి. ఈసారి పడవ వేరే మనిషి తీసుకెళ్లాడు, జైనల్ అని, అక్కణ్ణుంచి కేకేసి చెప్తున్నాడు. పిల్ల దిగడం లేదు. తలుపు గడియ పెట్టేసుకుంది. ఏదో మాట అడుగుతోందట, ఆ మాట చెప్తేనే గానీ—"

తెగిపోయింది. పాక్ సనూసీ మళ్లీ మళ్లీ నొక్కాడు. కరెంటు ముందే తీసేశారు, ఇప్పుడు టవరూ పోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకు దిగడం లేదో ఆ గట్టు మీద ఎవరికీ తెలీదు. నాకు తెలుసు. నేను నేర్పిందే చేస్తోంది. అక్షరం పొల్లు పోకుండా చేస్తోంది.

అత్త అప్పటికి వచ్చింది, మోకాళ్ల దాకా తడిసి, కుంటుతూ. సంగతి విని నా వైపు చూసింది. "వద్దనడం నేర్పించావు కదే. ఇప్పుడు ఆ నీళ్లకి చెప్పమను వద్దని," అంది.

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. కానీ ఆవిడ పెదాలు అదురుతున్నాయి.

"ఏంటా మాట? అరిచి చెప్పు దానికి," అంది మళ్లీ.

"ఈ హోరులో ఎవరికి వినపడుతుందత్తా."

ఆవిడ తల పైకెత్తి మసీదు మీది లౌడ్‌స్పీకర్ల వైపు చూసింది. "అక్కణ్ణుంచైతే వినపడుతుంది," అని నా కంటే ముందు నడిచింది.

మసీదు మిట్ట మీద ఉంది. అక్కడ మైకుకి బ్యాటరీ ఉంటుంది. మసీదు చూసుకునే పాక్ దులా గుమ్మంలోనే, "ఏం ప్రకటన? నాకు చెప్పండి, నేను చదువుతాను," అన్నాడు. "నువ్వు చెప్తే ఆ పిల్ల నమ్మదు దులా, జరుగు," అంది మా అత్త. ఆయన జరిగాడు.

మసీదు మేడ మీది కిటికీలోంచి ఉస్తాజా ఇల్లు కనబడుతోంది. నీలం కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. నీళ్లు కిటికీ కింది సన్‌షేడ్‌ని నాకుతున్నాయి. ప్లాస్టిక్ డ్రమ్ములకి చెక్కలు కట్టిన పడవ ఒకటి కరెంటు స్తంభానికి కట్టేసి ఉంది, అందులో హెల్మెట్ పెట్టుకున్న మనిషి చేతులూపుతూ ఏదో మొత్తుకుంటున్నాడు. అతనే జైనల్. అవతలి గట్టు మనిషి, మా లారస్ ఎప్పుడూ చూడలేదు.

మైకు పట్టుకున్నాను. తొందరలో మైకు పళ్లకి తగిలింది.

"లారస్. నేను ఇబుని. పడవలో అంకుల్‌తో వచ్చెయ్. మాట చెప్తున్నా విను. నెనెక్ గురకకి పిల్లి పారిపోయింది."

పేట పేటంతా విన్నది. పై రోడ్డు మీద వాళ్లు, కప్పుల మీదికెక్కి కూర్చున్న వాళ్లు, అందరూ. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, వెంటనే నోరు మూసుకున్నారు. పక్కనే ఉన్న అత్త మొహం చూసే ధైర్యం నాకు లేదు.

"విన్నానులే. పారిపోయింది పిల్లి," అంది ఆవిడ. "మళ్లీ చెప్పు, పిల్లకి సరిగా వినపడిందో లేదో."

మళ్లీ చెప్పాను. నీలం రెక్క తెరుచుకుంది. చిన్న తల కనబడింది. ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాను. జైనల్ చేతులు చాచాడు. ఆ తల అటూ ఇటూ అడ్డంగా ఊగింది. రెక్క మూసుకుంది.

"ఇదేంటి? మాట చెప్పావు కదా," అంది అత్త.

"చెల్లదత్తా. అందరికీ తెలిసిపోతే ఆ మాట చెల్లదు. అలా అని చెప్పాను దానికి."

"ఎవరి తెలివే ఇది?"

"నాదే."

ఇంకేం చెప్పను మైకులో? కొత్త మాట చెప్తే అదీ ఊరంతా వింటుంది. నా గొంతును నమ్మకూడదు, అదీ నేనే చెప్పాను. ఎలుక దూరకుండా కన్నాలన్నీ మూసేసి, లోపల నా పిల్లని పెట్టాను. సన్‌షేడ్ మునిగిపోయింది. నా కళ్లెదుటే మునిగింది.

"ఇటివ్వు. గట్టిగా నాలుగు తిడితే భయపడి అదే దిగుతుంది," అని అత్త మైకు అందుకోబోయింది. నాకూ నాలిక చివర దాకా వచ్చింది, దిగుతావా చంపమంటావా అని. అలా అరిస్తే దిగేదేమో. మరీ భయపడి మంచం కిందికి దూరేదేమో. నాకేం తెలుసు? అక్కడ గదిలో ఏముందో, ఆ మనిషి మొహం ఎలా ఉందో, నీళ్లు మెట్ల మీద ఏ మేరకు వచ్చాయో, చూస్తున్నది అదొక్కతే. అన్నీ తెలిసిన దాన్నని నేనిక్కడ మైకు పట్టుకుని నిలబడ్డాను.

"లారస్," అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. ఆ మాట చెల్లదు. ఇంక మాటేమీ లేదు. ఇప్పుడు నువ్వే చూసుకో తల్లీ. ఆ అంకుల్‌ని ఏం అడగాలో అడుగు. నమ్మాలో వద్దో నువ్వే అనుకో. నువ్వేం చేసినా నేను తిట్టను. కానీ తొందరగా అడుగు. నీళ్లు ఆగవు."

మైకు కింద పెట్టేశాను.

"ఇంత పెద్ద సంగతి ఎనిమిదేళ్ల పిల్లకి వదిలేశావా?" అంది అత్త. గొంతులో వెక్కిరింత లేదు. ఉత్త భయం.

"అక్కడ ఇంకెవరున్నారత్తా?"

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

నీలం రెక్క మళ్లీ తెరుచుకుంది. ఈసారి మూసుకోలేదు. జైనల్ తల పైకెత్తి వింటున్నాడు. హెల్మెట్ తీశాడు. మళ్లీ ఏదో విన్నాడు. తర్వాత కిటికీకి వీపు పెట్టి, అవతలి గట్టు వైపు తిరిగాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. విసిగిపోయాడు, వదిలేసి పోతున్నాడు అనుకున్నాను. దేవుడా, వెళ్లనివ్వకు అని నేను గొణుగుతూనే ఉన్నాను. అతను వెళ్లలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీది వాళ్లకి ఏదో అరిచాడు. అక్కడి వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ గుంపులోంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చి, భుజం మీది పచ్చ దుప్పటి తీసి గాల్లో ఊపింది. ఆగింది. మళ్లీ ఊపింది.

అప్పుడు కిటికీలోంచి ముందు సంచి పడింది పడవలోకి. తర్వాత ఒక చిన్న కాలు బయటికి వచ్చింది.

అంత వరకే చూడగలిగాను. మసీదు నేల మీద కూలబడ్డాను. మిగిలింది అత్తే చూసి చెప్పింది. "మునిగిన సన్‌షేడ్ మీదే అడుగు పెట్టింది. పట్టుకున్నాడు. కూర్చుంది. తాడు విప్పుతున్నాడు. ఒరిగింది, ఒరిగింది పడవ... లేదులే, నిలబెట్టాడు. దాటుతున్నారు. దాటేశారే వివిన్." అప్పుడు ఆవిడా నా పక్కనే కూలబడింది.

పెద్ద వంతెన చుట్టూ తిరిగి మేము అవతలి గట్టుకి చేరేసరికి పొద్దు గుంకింది. వరదలో ఇళ్లు మునిగిన వాళ్లందరినీ అక్కడి బడిలో కూర్చోబెట్టారు. లారస్ ఉస్తాజా పచ్చ దుప్పటి కప్పుకుని, వేడి వేడి సోయా టెంపే వేపుడు తింటోంది. దాన్ని గుండెలకి అదుముకున్నాను. ఊపిరాడట్లేదు వదులు అంది. వదల్లేదు.

జైనల్ దగ్గరికొచ్చాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషట. "మీ అమ్మాయి నన్ను ముందు హెల్మెట్ తియ్యమందండి. తీశాను. నిన్ను పంపించింది ఉస్తాజానే అయితే, ఆవిడ పచ్చ దుప్పటి రెండు సార్లు ఊపాలి, అప్పుడే వస్తానంది. నేను పెళ్లికి పిల్లనివ్వమని అడగడానికి వెళ్లినప్పుడు మా మామగారు కూడా నన్నింత సతాయించలేదు," అన్నాడు. అందరం నవ్వాం. నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది.

"భయమేసిందా తల్లీ?" అన్నాను.

"వేసింది. కానీ ఇబు, ఈ అంకుల్ మంచోడే. ముందు వచ్చినాయనలా కాదు."

"ముందు వచ్చినాయన ఎవరే?"

"ఉస్తాజా వెళ్లిపోయాక వచ్చాడు. జైనల్ అంకుల్ ఇంకా రాలేదు అప్పటికి. నల్ల టైరు ట్యూబు మీద ఈదుకుంటూ వచ్చాడు. లారస్, మీ ఇబు ఏడుస్తోంది, నిన్ను తీసుకురమ్మంది, దిగు అన్నాడు. మాట అడిగాను. నవ్వాడు. మళ్లీ అడిగాను. మెట్ల మీదికి వస్తున్న చప్పుడైంది. అప్పుడే తలుపు గడియ పెట్టాను. కొంచెం సేపు తలుపు తట్టి వెళ్లిపోయాడు."

నేనెవరినీ పంపలేదు.

జైనల్ మొహంలో నవ్వు పోయింది. నల్ల ట్యూబు వాళ్లెవరూ మా వాళ్లలో లేరే అన్నాడు. గట్టు మీద వాళ్లందరినీ అడిగి వచ్చాడు. ఎవరికీ తెలీదు. ఆ తర్వాత పాక్ సనూసీ మా వైపు కూడా ఇంటింటికీ వెళ్లి అడిగాడు. ఎవరూ నేనే అని చెప్పలేదు. పిల్ల తొందరగా దిగుతుందని అబద్ధమాడిన మంచి మనిషే అయుండొచ్చు. వరదలో సాయం చేసే వాళ్లు ఎందరో వస్తారు. నాకు నేను ఈ ముక్క చెప్పుకుంటూనే ఉన్నాను, ఈ రోజుకీ నమ్మకం కుదరడం లేదు.

"అది సరే, నీ పేరెలా తెలిసింది అతనికి?" అని ఆ బడిలోనే లారస్‌ని అడిగాను.

"పడవ వాళ్లకి కనబడాలని సంచి కిటికీలో పెట్టాను కదా," అంది లారస్, అదేం ప్రశ్న అన్నట్టు.

అందరం సంచి వైపు చూశాం. తడిసిన గుడ్డ మీద ఎర్ర అక్షరాలు ఇంకా ఎర్రగా కనబడుతున్నాయి. ఎంత దూరం నుంచైనా చదవొచ్చు. ఆ సంచి ఫోటో తీసి తల్లుల గ్రూపులో పెట్టుకుని మురిసిపోయింది నేనే.

అత్త ఆ సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. తల గుడ్డకి గుచ్చిన పిన్ను తీసి, మొదటి అక్షరం దగ్గర దారం కింద దూర్చింది. తడి దారం ఒక పట్టాన రాదు. ఆవిడ ఒక్కో కుట్టూ ఎత్తుతోంది, తెంపుతోంది, మళ్లీ ఎత్తుతోంది. తన పేరు ఊడిపోతుంటే లారస్ పక్కనే కూర్చుని చూస్తోంది.

"నెనెక్, గురక మాటకి కోపం వచ్చిందా?"

"పేటంతా విన్నాక ఇంక కోపమెందుకు."

ఇంకో అక్షరం పోయింది. ఆవిడ తల ఎత్తకుండానే అంది. "కొత్త మాట పెట్టుకుంటారుగా మళ్లీ."

"ఊఁ."

"ఈసారీ నా మీదే పెట్టుకోండి. గురక కాకపోతే ఇంకోటి. ఎంత చెడ్డదైనా నేనేమీ అనను. కానీ నాకూ చెప్పు తల్లీ. నీ కోసం నేనే రావాల్సి వచ్చిన రోజు, ఆ తలుపు బయట ఏం చెప్పాలో తెలియక నిలబడలేను."

లారస్ చుట్టూ ఒకసారి చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, నాయనమ్మ చెవి దగ్గరికి వంగింది.

నేనూ చుట్టూ చూశాను. ఆ బడి నిండా తడి బట్టలతో మగవాళ్లు. అందరూ అంకుల్‌లే. ఒక్కొక్కరి చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను, ఎవరి దగ్గరైనా నల్ల ట్యూబు ఉందేమోనని.